తరిగొండ వెంగమాంబ సన్నిధిని తొమ్మిది దినములు



మన సంఘ వార్షిక మహాసభా సంచికకు చరిత్రవిషయమైన వ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఇంతకు పూర్వము ఇట్టి సంచికలకు మేము నందవరీకుల పుట్టుపూర్వోత్తరములను, చౌడేశ్వరీదేవి కథను, గోత్రముల పట్టికను వ్రాసియుంటిమి. నిరుటి సంచికలో మా వంశవృక్షమును గూడ అచ్చొత్తించితిమి. దాని ప్రసంగము తుదను రాగలదు. ఈ పర్యాయము మాత్రము మన శాఖలో జనించి యాంధ్రలోకమంతట పేరు వడసిన తరిగొండ వెంగమాంబను గూర్చి వ్రాయ సంకల్పించితిమి.

సంకల్పించిన పిమ్మట మాకొక సంకోచము కలిగెను. ఏటేట మన సభావేదికపై ఆమె పటమునకు పూలమాల వేయుచున్నాము. ఒకరిద్దఱు వక్తలు ఆమెను కొనియాడుదురు. అంతట భోజనములకు పిలుపు వచ్చును. ఆమె గ్రంథమొకటియైనను మొదటినుండి తుదివఱకు చదివినవారు మనలో నెందఱు? మేమును చదువనివారిలోని వారమే. నలుగురిలో ముత్యాలహారతిని గూర్చి మాటలాడుటకు చాలినంత మాత్రమే మాకు తెలియును. తెలియని దానిని గూర్చి వ్రాయుటకంటె, తొమ్మిది దినములు ఆమె పుస్తకములతో నొంటరిగా గడపి, ఆ తరువాత కలము పట్టుట మేలని తోచెను. ఆమె వర్ధంతి శ్రావణ శుద్ధ నవమి. కావున శ్రావణ శుద్ధ పాడ్యమినాడు బయలుదేఱి, ఆఱు దినములు తరిగొండయందును, మూడు దినములు తిరుపతి తిరుమలలయందును ఉంటిమి. సెల్‌ఫోనును పెట్టెలో పెట్టి తాళము వేసితిమి. తాళపుచెవి మాయొద్దనే యుండుటచే రెండవనాటి సాయంకాలమే యొకసారి తీసి చూచితిమని యొప్పుకొనకున్న నసత్యమగును.

తరిగొండ గుఱ్ఱముకొండకు సమీపమున, వాయల్పాటి ప్రాంతముననున్న గ్రామము. పెరుగు చిలుకు కుండలో స్వామి దొరకెననియు, ఆ తరికుండయే తరిగొండ యయ్యెననియు ఊరివారు చెప్పుదురు. లక్ష్మీనృసింహస్వామి యాలయము నేటికిని పూజలతో నొప్పుచున్నది. మేము మిత్రుని బంధువుల యింట మేడగదిలో బస చేసితిమి. తెల్లవాఱగానే కోవెలకు పోవుట, వచ్చి చదువుట, భుజించి మరల చదువుట, సంధ్యవేళ మరల కోవెలకు పోవుట, ఇదియే మా దినచర్య.

ఆమె జీవితమును గూర్చి చరిత్రకారునకు దొరకునది కొంచెము, కథకునకు దొరకునది మిక్కుటము. వాసిష్ఠగోత్రుడగు కానాల కృష్ణయామాత్యునకును మంగమాంబకును 1730లో ఆమె జనించెననియు, 1817లో ఈశ్వరనామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమినాడు దేహము చాలించెననియు చెప్పుదురు. బాల్యముననే ఇంజేటివారి యింటి వేంకటాచలపతి కిచ్చి వివాహము చేసిరి. ఆతడు చిన్నతనముననే గతించెను. మదనపల్లెవాసియగు సుబ్రహ్మణ్యుడను గురువునొద్ద ఆమె యోగవిద్య నభ్యసించెను. పిమ్మట తిరుమల చేరి, అచ్చటనే శేషజీవితము గడపెను.

అది నెమ్మదియైన కాలము కాదు. గుఱ్ఱముకొండ దుర్గము కడప నవాబులకును, మహారాష్ట్రులకును, మైసూరి హైదరుటిప్పులకును చేతులు మాఱుచుండెను. 1791లో నిజాముసేనలును ఇంగ్లీషువారును దానిని ముట్టడించి పట్టుకొనిరి. 1800లో ఈ సీమ యంతయు దత్తమండలములలో జేరి కుంపిణీ వశమయ్యెను. తిరుమలకొండ ఆర్కాటు నవాబు ప్రభుత్వమునుండి 1801లో అదే కుంపిణీ చేతికి వచ్చెను. 1843లో హథీరాంజీ మఠపు మహంతుల కప్పగించువఱకు దేవస్థానపు లెక్కలు దొరలే చూచుచుండిరి. ఒక్క జీవితకాలములో నిన్ని ప్రభుత్వములు వచ్చిపోయినవి. కరణములు ఎవరి పేర పద్దు వ్రాయవలయునో తెలియక తికమకపడిన యా దినములలో, ఒక స్త్రీ తాటియాకు ముందిడుకొని ద్విపదలు వ్రాయుచు కూర్చుండెను.

ఆమె వ్రాసినది తక్కువ కాదు. తరిగొండలో నుండగనే నృసింహ శతకము, నృసింహ విలాసకథ, శివనాటకము, బాలకృష్ణ నాటకము, రాజయోగామృతసారము రచించెను. తిరుమలకు వచ్చిన పిమ్మట విష్ణుపారిజాతము, చెంచునాటకము, రుక్మిణీనాటకము, గోపీనాటకము, జలక్రీడావిలాసము, ముక్తికాంతావిలాసము మున్నగు యక్షగానములును, ద్విపద భాగవతమును, వాసిష్ఠ రామాయణమును, అష్టాంగయోగసారమును, తత్త్వకీర్తనములును, అన్నిటికంటె ప్రసిద్ధమగు వేంకటాచల మాహాత్మ్యమును పుట్టినవి. పండితులకు కావ్యము, యోగులకు సారము, ఆడిపాడువారికి యక్షగానము, పొయ్యిదగ్గఱ కూర్చున్న స్త్రీలకు పాట! ఒక్క చేతినుండి యిన్ని తరగతులవారికి పనికివచ్చు వాఙ్మయము వెలువడుట మన సాహిత్యమున తఱచుగా కానరాదు. తనకు చిన్ననాట గురువు ఓనమాలైనను పలికింపలేదనియు, ఛందస్సు చదువలేదనియు, తరిగొండ నృసింహుడు పలికింపగా పలికితిననియు ఆమె వేంకటాచల మాహాత్మ్యపు పీఠికలో చెప్పుకొనినది. దీనిని వినయమని కొందఱందురు. మాకు మాత్రము దీనియందు వినయముతోపాటు మఱియొకటియు వినబడినది. ఆడుబిడ్డకు చదువు చెప్పింపని యింటివారి పేరెత్తకయే వారి నడిగిన ప్రశ్నవలె తోచినది.

ఇక మన సంచికలలో సాధారణముగా దాటవేయబడు విషయము చెప్పవలసియున్నది. భర్త పోయిన పిమ్మట వెంగమాంబ శిరోముండనమునకు సమ్మతింపలేదు. పసుపు కుంకుమలను విడువలేదు. తన భర్త వేంకటేశ్వరుడేయని పలికెను. బంధువులు నిందించిరి, పొరుగువారు వెలివేసిరి. ఒక పీఠాధిపతి యెదుట నిలువబెట్టి సమాధానమడిగిరని కథ కలదు. ఆ కథకు జతగా అద్భుతము లెన్నియో చెప్పుదురు. అద్భుతములను నమ్మువారు నమ్ముదురుగాక. వానిని తీసివేసినను మిగులు మాట యొకటి కలదు. ఆమెను బాధించినవారు తురకలు కారు, దొరలు కారు, దండుతో వచ్చినవారు కారు. మనవారే. ఏ శాఖలో జన్మించెనని మనము గర్వించుచున్నామో, ఆ శాఖవారే.

తరిగొండ కోవెలలో ఆంజనేయస్వామి విగ్రహము వెనుక ఆమె కూర్చుండి ధ్యానము చేయుచుండెడిదట. పూజారి చూచి జుట్టు పట్టి యీడ్చెననియు, అంతట ఊరు విడిచెననియు చెప్పుదురు. మేమా చోటికి ప్రతిదినమును పోయి కొంతసేపు నిలిచితిమి. మొదటి దినము అది పవిత్రస్థలమని నమస్కరించితిమి. మూడవ దినము వేఱొక తలంపు పుట్టెను. విగ్రహమునకు ముందు కూర్చుండినవారిని భక్తులందుము. వెనుక కూర్చుండవలసి వచ్చినవారెవరు? ముందు కూర్చుండుటకు చోటు లేనివారు. ఏకాంతమని మనము గౌరవముతో చెప్పుకొనుచున్నది ఆమెకు మొదట దాగుకొను చోటు మాత్రమే. తిరుమలలోను అంతే యయ్యెను. ఆమెకు గుడిసె దొరకెను, దేవస్థానమునుండి గ్రాసమును దొరకెను. కాని పొరుగున నొకరు ఎంగిలి విస్తళ్లు ఆమె యింటిమీదికి విసరుచుండగా, విసిగి తుంబురుకోనకు పోయి గుహలో నాఱేండ్లు తపస్సు చేసెనని వినికిడి. మనుష్యులు నిలువనీయని చోటెల్ల ఆమెకు తపోవనమైనది. మేమో, స్వచ్ఛందముగా బయలుదేఱి, బంధువుల యింట వేళకు వడ్డించు భోజనము తినుచు, ఏకాంతమని దానికి పేరు పెట్టుకొంటిమి.

ఇంత జరిగినను ఆమె ఒక్క గ్రంథమునందైనను తన యూరిని విడువలేదు. కొండపై కూర్చుండి వ్రాసిన కృతులను గూడ తరిగొండ నృసింహునికే అంకితము చేసెను. ఆ స్వామియు వేంకటేశ్వరుడును ఆమెకు ఒక్కరే. వెడలగొట్టిన యూరిపేరు నేడు దేశమునకు తెలిసియున్నదన్న, వెడలగొట్టబడిన యామె దానిని తన పేరుకు ముందు మోసికొనిపోయినందుననే.

ఈ సందర్భమున మా యింటి సంగతి యొకటి చెప్పుకొనవలసియున్నది. మేము వెంట తీసికొనిపోయిన వేంకటాచల మాహాత్మ్యము ప్రతి మా మేనత్తది. అట్టలు లేవు. మొదటి కొన్ని పుటలు లేవు. పసుపు మరకలు కలవు.

ఆమె మా తండ్రిగారి అక్కగారు. తొమ్మిదవ యేట పెండ్లి, పండ్రెండవ యేట వైధవ్యము. ఇది 1929 నాటి మాట. శారదా శాసనము ఆ సంవత్సరముననే పుట్టి 1930 ఏప్రిలులో అమలునకు వచ్చినది. వితంతు పునర్వివాహమును శాసనము 1856లోనే అంగీకరించియుండెను. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును 1881లోనే జరిపించియుండిరి. మా తాతగారికి ఇవి తెలియని సంగతులు కావు. పంతులుగారి గ్రంథములు ఆయన బీరువాలో నుండెడివి. అయినను కుమార్తెకు వయస్సు రాగానే మంగలిని పిలిపించిరి. అది మొదలు 1983లో కన్నుమూయువఱకు ఆమె ముసుగుతోనే యుండెను. తమ్ముని పలకమీద అక్షరములు నేర్చుకొని, మడివంట చేయుచు, పొయ్యిమీద పప్పు ఉడుకునంతలో ఈ పుస్తకము చదువుకొనెడిది. చిన్నతనమున ఆమె నోట విన్న కథలలో వకుళమాలిక రాయబారము మాకెక్కువ యిష్టము.

1969లో మాకు ఉద్యోగమునకు పిలుపు వచ్చెను. కాగితములు చేతబట్టుకొని గడప దాటబోవుచుండగా మేనత్త బావినుండి నీళ్లబిందెతో ఎదురు వచ్చెను. మేమాగితిమి. వెనుకకు మరలి, లోన కూర్చుండి, గ్రుక్కెడు మంచినీళ్లు త్రాగి, మరల బయలుదేఱితిమి. ఎవ్వరును మమ్మట్లు చేయుమని చెప్పలేదు. ఇరువదేండ్లు దాటిన చదువుకొన్నవారము, తెలిసియే చేసితిమి. రెండవసారి గడప దాటుచుండగా వంటయింటినుండి ఆమె గొంతు వినబడెను.

“పోయిరా నాయనా, నేను లోపలనే ఉండాను.”

ఉద్యోగము వచ్చెను. ఆ తరువాత మేము బయలుదేఱిన ప్రతిపర్యాయమును ఆమె ముందుగానే లోపలికి పోయెడిది. 1974లో మా వివాహమునకు అరిసెలు, లడ్లు ఆమె చేసినవే. మాంగల్యధారణ వేళ ఆమె ఎచ్చట నున్నదో మేము వెదకలేదు.

తరిగొండలో నాలుగవనాడు ఆమె పుస్తకమున వకుళమాలిక ఘట్టము చదివితిమి. శ్రీనివాసునికి కన్యను అడుగుటకు ఆకాశరాజు నగరికి పోయినదెవరు? వరాహస్వామి సేవలో కాలము గడపుచు, శ్రీనివాసుని బిడ్డవలె సాకిన యొంటరి స్త్రీ. ఆమె భర్త ప్రసంగము కథలో రాదు. పెండ్లిపెద్ద ఆమెయే. జగత్తునకు పెండ్లికొడుకైన వాని శుభకార్యమునకు ముందు నడచినది అట్టి వనిత! ఈ కథను తెలుగున చెప్పినదియో, శుభకార్యములకు రాదగదని తోటివారనిన వెంగమాంబ. వంటయింట కూర్చుండి మాకు చెప్పినది మా మేనత్త. అరువదేండ్లకు పైగా ఆ కథ యెఱిగియు దానియర్థము మాకు తగులలేదు. ఆమెకు తగిలియుండునా? తగిలియుండుననియే యిప్పుడు తలంతుము. ఆమె ఆ ఘట్టమును తఱచుగా చెప్పుటకు కారణమదియే కావచ్చును. ఆ దినము మఱి చదువు సాగలేదు. పుస్తకము మూసి సంధ్యవేళ కాకమునుపే కోవెలకు పోయితిమి.

అయిదవ దినమున వాసిష్ఠమును చేపట్టితిమి. యోగవాసిష్ఠమున చూడాలా శిఖిధ్వజుల కథ ప్రసిద్ధము. రాజగు శిఖిధ్వజుడు మోక్షము కొఱకు రాజ్యము విడిచి యడవికి పోవును. భార్యయగు చూడాల ఇంటనేయుండి, రాజ్యమేలుచు, ఆత్మజ్ఞానము పొందును. ఆడుదాని మాట రాజు వినడని యెఱిగి, కుంభుడను బ్రాహ్మణకుమారుని వేషమున అడవికి పోయి యాతనికి బోధించును. సర్వము విడిచితినని రాజనగా, విడువలేదని కుంభుడనును. రాజు పర్ణశాలను, దండమును, జపమాలను అగ్నిలో వేయును. ఇంకను విడువలేదని కుంభుడనును. విడువవలసినది చిత్తమట. మా మేడగదిలో కాల్చదగినది తాళము వేసిన పెట్టె దక్క వేఱేమియు లేదు. కాని ఈ వ్యాసము అచ్చుపడిన పిమ్మట సభలో నలుగురును మెచ్చుకొందురను తలంపు ఆ తొమ్మిది దినములును మమ్ము విడువలేదు. వ్రాయుచున్న యీ క్షణమునను పూర్తిగా విడిచినదని చెప్పజాలము.

సప్తమినాడు పీలేరు, భాకరాపేటల మీదుగా తిరుపతి చేరితిమి. వెంగమాంబ యీ దారిని కాలినడకను పోయియుండును. బస్సులో మాకు కిటికీప్రక్క చోటు దొరకెను.

తుంబురుకోనకు పోవలెనని మనసున నుండెను. ఆ తీర్థమునకు యాత్రికులను ఫాల్గుణ పూర్ణిమనాటి ముక్కోటికి అడవిలోనికి విడుతురు. అప్పుడైనను డెబ్బదియాఱేండ్ల మోకాళ్లకు ఆ రాళ్లదారి తగదు. పాపవినాశనమువఱకు పోయి, ఆ దెసనున్న కొండలను చూచుచు ఒక జాము కూర్చుండి వచ్చితిమి. కోతులు మా యరటిపండ్లు కాజేసినవి.

నవమినాడు ఆమె బృందావనమును దర్శించితిమి. అది తిరుమలలో ఉన్నతపాఠశాల యావరణమున నున్నది. ఓనమాలు నేర్పనివారి నడుమ పెరిగిన యామె బడిపిల్లల నడుమ విశ్రమించుచున్నది. దేవస్థానమువారు వర్ధంతికి పుష్పాంజలి సమర్పింతురు. ఆమె పేర వాఙ్మయ ప్రాజెక్టును నెలకొల్పి కృతులను అచ్చువేయించినవారును వారే. ఇది ప్రశంసింపదగిన కార్యము.

ఆనాటి మధ్యాహ్నము అన్నప్రసాదమునకు పోయితిమి. 1985లో కొండపై నిత్యాన్నదానము మొదలయ్యెను. 2011లో క్రొత్త భవనము కట్టి దానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిరి. ఈ పేరు ఊరక పెట్టినది కాదు. ఆమె నృసింహజయంతికి సంతర్పణలు చేయించుచు, వేసవిలో చలిపందిళ్లు వేయించుచుండెననియు, వానికై గ్రామములవారు ధనధాన్యములను ఒసగుచు పత్రములు వ్రాసియిచ్చిరనియు తెలియుచున్నది. ఎంగిలి విస్తళ్లు ఎవరియింటిపై పడినవో, ఆమె పేర నేడు దినమునకు వేలకొలది విస్తళ్లు వేయుచున్నారు. మా వరుసలో మా కెడమవైపున ఒక లారీ డ్రైవరు, కుడివైపున ముసుగు వేసికొనిన యొక వృద్ధురాలు కూర్చుండిరి. వడ్డించువారు ఆమె కులమును అడుగలేదు, భర్తనుగూర్చి అడుగలేదు. “ఇంకొంచెం అన్నం పెట్టమంటావా అవ్వా?” అని మాత్రమడిగిరి. మాకు మాత్రము ముద్ద దిగుట కొంత కష్టమయ్యెను.

రాత్రి ఏకాంతసేవ వేళకు మేము మహాద్వారమునకు వెలుపలనే నిలిచియుంటిమి. లోపల తాళ్లపాకవారి జోలపాటయు, తరిగొండవారి ముత్యాలహారతియు ముగియనిదే స్వామి పవళింపడు. లోపల హారతి యగుచుండునను తలంపుతో నిలుచుట మాకు చాలినది. వెలుపల నిలుచుటయు నొక విధముగా తగియేయున్నదని తోచెను. దశమినాటి యుదయమున కొండ దిగితిమి.

ఇంటికి వచ్చి మొదట చేసిన పని వ్యాసము వ్రాయుట కాదు. నిరుటి సంచికలో అచ్చుపడిన మా వంశవృక్షమును తీసి చూచితిమి. దానిని సిద్ధపఱచినవారము మేమే. ఏడు తరములు. మా తాతగారి పేరు క్రింద మా తండ్రిగారును, ఇద్దఱు పినతండ్రులును కలరు. మేనత్త లేదు. సంతానము లేదు కావున వ్రాయలేదని చెప్పవచ్చును. సంతానము లేని మా చిన్న పినతండ్రిగారి పేరు మాత్రము ఉన్నది. ఇతర కుటుంబములవారు పంపిన వృక్షములను గూడ తిరుగవేసితిమి. వానిలోను కొమ్మలన్నియు మగవారివే.

సవరణ పత్రమును ఈ వ్యాసముతోపాటు కార్యదర్శిగారికి పంపుచున్నాము. మా వంశవృక్షమున మూడవ తరమునకు క్రింద, మా తండ్రిగారికంటె ముందు, ఆమె పేరును, జనన మరణ సంవత్సరములను చేర్చి ఈ సంచికలో మరల అచ్చొత్తింపవలసినదని ప్రార్థన. స్థలము చాలదన్నచో ఈ వ్యాసమునుండి ఎన్ని పంక్తులు తొలగించినను మాకు సమ్మతమే. అట్టలేని పుస్తకమును బైండు కట్టించుటకు ఇచ్చితిమి. పసుపు మరకలున్న అంచులను కత్తిరింపవలదని బైండరుతో గట్టిగా చెప్పియున్నాము.